వడ్డించువాని వస్త్రము

బందరు పట్టణమున కోనేరు సెంటరు మొదలుకొని గిలకలదిండి రేవువఱకు గల హోటళ్లలో తఱచుగా జరుగు వ్యవహార మొకటి కలదు. సాంబారులో వెండ్రుక కనబడును. భోక్త కన్నులెఱ్ఱజేసి "ఏరా, ఇటు రా!" యని కేకవేయును. వడ్డనకుఱ్ఱవాడు పరుగెత్తుకొనివచ్చి తలవంచుకొని నిలుచును. గల్లాపెట్టె యొద్ద గూర్చున్న యజమాని తానును ఆ కుఱ్ఱవానినే రెండు తిట్లు తిట్టి, "బాబుగారికి వేఱొక గిన్నె తెచ్చిపెట్టు" మని యాజ్ఞాపించి, చిల్లర లెక్కలో మునుగును. భోక్త శాంతించును. ఆ వెండ్రుక యే తలనుండి రాలినదో, ఆ తలకు టోపీ యేల లేదో, టోపీ కొనియిచ్చుట యెవని విధియో యడిగినవాడు లేడు. ఫిర్యాదు దాఖలైనది, విచారణ జరిగినది, తీర్పు వెలువడినది, శిక్షయు నమలైనది. అంతయు రెండు నిమిషములలో. శిక్షింపబడినవాడు మాత్రము నేరస్థుడు కాడు.

శాసనము లేకపోవుటచే నిట్లు జరుగుచున్నదా? శాసనము కలదు. ఆహార భద్రతా ప్రమాణముల చట్టము 2006లో చేయబడి, 2011 ఆగస్టు 5వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని క్రింద లైసెన్సుల విషయమై వెలువడిన 2011 నాటి నిబంధనలలో నాలుగవ అనుబంధము హోటళ్లవారు చదువవలసినది; పెక్కండ్రు చదువనిది. ఆహారమును ముట్టు పనివారికి శుభ్రమైన పైయుడుపులు, తలకప్పులు, ముక్కునోటి గుడ్డలు, చేతితొడుగులు, పాదరక్షలు వ్యాపారము చేయువాడే సమకూర్పవలెననియు, పనివారు ప్రతిదినమును వానిని శుభ్రముగా ధరించునట్లు చూచు భారము సైతము వానిదే యనియు నందు గలదు. సంవత్సరమున కొకమారు ప్రతి పనివానిని వైద్యునిచే పరీక్షింపజేసి ఆ పత్రములను భద్రపఱుపవలెను. ప్రేగులకు సంబంధించిన జ్వరములు రాకుండ టీకాలు వేయింపవలెను. గోళ్లు కత్తిరించుకొనుట, పనిచేయుచు పొగ త్రాగకుండుట, ఉమ్మివేయకుండుట పనివాని వంతు. ఈ జాబితా నెవరైనను చదివి చూడవచ్చును: పనివాడు చేయవలసినవి కొన్ని, యజమాని చేయవలసినవి పెక్కు. తానుగాని, తన పక్షమున నితరునిచేగాని అపరిశుభ్రస్థితిలో ఆహారము తయారుచేయించిన వానికి లక్ష రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చునని చట్టములోని 56వ సెక్షను చెప్పుచున్నది. శాసనము వ్రాసినవారికి తెలిసిన యీ భేదము భోజనము చేయువారి కేల తెలియకపోయెను?

వాస్తవమును చూతము. తెల్లవాఱుజామున పొయ్యి రగులును. దోసెమాస్టరు పెనపు సెగకు తాళలేక చొక్కా విప్పి, లుంగీ యెగగట్టి నిలుచును. వేసవిలో ఈ డెల్టా యుక్క యెట్టిదో యిచ్చటివారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. నుదుటి చెమట పిండిలో రాలకుండ దుడుచుకొనుటకు వాని కున్నది ఒక తువాలు. వడ్డనవాని భుజముమీద మఱియొక తువాలు. ఈ రెండవ తువాలు చరిత్ర వ్రాయదగినది. అది బల్ల తుడుచును. బల్లమీద నొలికిన పచ్చడిని తుడుచును. ఆ తడితోనే కడిగిన పళ్లెమును తుడిచి మెఱపించును. వేడిగిన్నెను పట్టి దింపును. ఈగలను తోలును. ధరించినవాని ముఖమును, మెడను, చేతులను తుడుచును. రాత్రి తీగమీద నారును; ఉతుకబడదు; తెల్లవాఱగనే మరల భుజమెక్కును. నేలను నాలుగుమారులు గడిగించి, గోడలకు పింగాణీపలకలు పొదిగించి, గాజుతలుపులు పెట్టించిన యజమాని యీ యొక్క గుడ్డను చూడడు. గోడ కనబడును, గుడ్డ కనబడదు.

కుఱ్ఱవాడు మురికివాడని భోక్త యనును. వానికి రెండవ చొక్కా యెవరిచ్చిరి? ఉతుకుకొనుటకు సబ్బెవరిచ్చిరి? ఒడిసానుండియో, బీహారునుండియో, మన మెట్టతాలూకాలనుండియో వచ్చి, రాత్రి ఆ హోటలు బల్లలమీదనే పండుకొనువానికి స్నానము చేయు తావేది? కొన్నిచోట్ల రంగుచొక్కా నొకదాని నిత్తురు; వీపున హోటలు పేరు అచ్చువేయింతురు; దాని వెల జీతములో కోయుదురు. ఒక్కటే చొక్కా గనుక ఉతికిననాడు తడిచొక్కా, ఉతుకనినాడు మురికిచొక్కా. అది పనివాని యుడుపు కాదు. వాని వీపున వ్రేలాడదీసిన బోర్డు. కలంకారీ యద్దకముచే దూరదేశములవారికి వస్త్రశోభ గూర్చిన బందరు పెడనల సీమలో అన్నము పెట్టువానికి మార్చి కట్టుకొనుటకు గుడ్డ లేదు.

వంటవాని వస్త్రమును గూర్చి మన పూర్వులకు చింత లేదనరాదు. ఉతికి యారవేసిన బట్టతో వంటయింట ప్రవేశింపవలెనన్నంతవఱకు మడి యను నాచారము ఆరోగ్యశాస్త్రమే. కాని యా యాచారము గుడ్డను విడిచి కులమును పట్టుకొన్నది. కాఫీ హోటళ్లు తలయెత్తిన దినములలో బోర్డుమీది "బ్రాహ్మణ" యను మాటయే శుచికి హామీపత్రము; వడ్డించువాని జందెమే వాని యుడుపు. జందెము క్రింద చెమట గాఱినను, గజ్జి లేచినను భోక్త కది యాక్షేపణీయముగా దోపలేదు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణమున హోటళ్లలోనికి పోవు హక్కును కులమతభేదము లేక అందఱకు నిచ్చినది. అయినను 1957లో మద్రాసునందు పెరియారు రామస్వామి, ఆయన యనుచరులు ఆ మాటను హోటలు బోర్డులనుండి తొలగింపుడని పెద్ద యాందోళనము చేయవలసివచ్చెను. మన పల్లెలలోని టీదుకాణములయందు రెండు గ్లాసుల పద్ధతి యంతకంటె చాల కాలము బ్రదికినది: ఒక గ్లాసు లోపల, ఒక గ్లాసు చూరులో. ఆ రెంటిలో నేదియు సరిగా కడుగబడుచుండెనని మేము నమ్మజాలము.

ఆ వ్యాధి పోలేదు, వేషము మార్చుకొన్నది. 2021 నవంబరులో రామాయణయాత్ర చేయించు ప్రత్యేక రైలునందు వడ్డించువారికి కాషాయవస్త్రములు, రుద్రాక్షమాలలు తొడిగిరి. ఉజ్జయినిలోని సాధువు లాక్షేపించి, రైలు నాపెదమని పలికినంతనే అధికారులు ఆ యుడుపులను మార్చివేసిరి. 2024 మార్చిలో జొమాటో కంపెనీవారు శాకాహారము మోయువారికి పచ్చచొక్కాలు, తక్కినవారికి ఎఱ్ఱచొక్కాలు అని ప్రకటించిరి. ఎఱ్ఱచొక్కా చూచి మాంసము తెచ్చినవాడని వాకిట నిలువరింతురు గదా యని గొల్లుమనగా మఱునాటికే పచ్చచొక్కాలు వెనుకకు బోయినవి. రెండవ యాక్షేపణ న్యాయమైనదే. మొదటిదాని మంచిచెడ్డలు ఇచ్చట మాకు ప్రస్తుతము కాదు. మేము చెప్పునది వేఱు. వస్త్రపు రంగుపై వచ్చిన ఫిర్యాదు దినముల వ్యవధిలో ఫలించినది. అదే 2024లో హైదరాబాదునందు తెలంగాణ ఆహారభద్రతాధికారులు హోటలు వెంబడి హోటలు తనిఖీచేసి, వంటవారికి టోపీలు లేవనియు, చేతితొడుగులు లేవనియు, వైద్యపరీక్షల పత్రములు చూపలేకపోయిరనియు ప్రకటించుచు బోయిరి. దానిపై నే సంఘమును ఏ రైలును ఆపెదమనలేదు. మనకు గుడ్డ రంగు కనబడినంత స్పష్టముగా గుడ్డ మురికి కనబడదు.

వచ్చిన యతిథి యుడుపును పరీక్షించుటకు మాత్రము మనవారు వెనుదీయరు. 2024 జూలైలో బెంగుళూరునందు పంచె కట్టుకొని వచ్చిన వృద్ధరైతును ఒక పెద్ద యంగడిసముదాయమువారు లోనికి రానీయకపోగా, ప్రభుత్వము దానిని వారము దినములు మూయించినది. గిలకలదిండిలో పడవ దిగి, ఉప్పునీట దడిసిన లుంగీతో హోటలు మెట్టెక్కు బెస్తవానిని బయటనే కూర్చుండుమను వారు తమ వంటయింటివాని లుంగీ నేనాడైన జూచిరా?

గిలకలదిండి పేరెత్తితిమి గనుక ఆ రేవున దిగు రొయ్యను గూర్చియే యొక మాట చెప్పవలెను. ఈ తీరమున వలలో బడినవియు, చెఱువులలో బెరిగినవియు నగు రొయ్యలలో మేలైనవి భీమవరము, కాకినాడ, విశాఖపట్నముల శుద్ధిశాలలకు బోయి, మంచులో గట్టబడి సముద్రములు దాటును. ఆ శాలలలో రొయ్య యొలుచు స్త్రీలు తలపై టోపీ, నోటికి గుడ్డ, చేతులకు తొడుగులు, మోకాటివఱకు రబ్బరుబూట్లు ధరించి, క్లోరిను గలిపిన నీట చేతులు ముంచి, అట్టి నీటిలో నడిచి లోని కేగుదురు. ఈ వ్యవస్థ మన వ్యాపారుల హృదయములలో నూరకయే జనించినది కాదు. 1997 ఆగస్టులో యూరపుసంఘమువారు పరిశుభ్రత చాలదని మన దేశపు చేపల, రొయ్యల దిగుమతిని నిలిపివేసిరి. ఆ డిసెంబరులోనే అమెరికావారు తమ దేశమునకు వచ్చు ప్రతి చేపకును, తయారీయందు ప్రతిదశను పరీక్షించి వ్రాతపూర్వకముగా లెక్కచెప్పు పద్ధతిని విధించిరి. కోట్లరూపాయల వర్తకము గడపవద్ద నిలిచిపోగానే టోపీలు వచ్చినవి, తొడుగులు వచ్చినవి, ఉతికిన కోట్లు వచ్చినవి. పరదేశి యిచ్చటికి వచ్చి రొయ్య యొలుచు స్త్రీని "ఏమే" యని తిట్టలేదు. ఎగుమతి చేయువాని సరకు త్రిప్పిపంపెను. ఫిర్యాదు చేయుట యన నది.

అదే రేవు రొయ్య బందరు హోటలులోనికి వచ్చునప్పటికి దానిని ముట్టు చేతికి తొడుగు లేదు, తలకు టోపీ లేదు, భుజమున పైని వర్ణించిన తువాలు గలదు. పరదేశస్థుని కడుపునకొక శుచియు, మన కడుపునకొక శుచియునా? పొట్టులేని రొయ్య వారికి, పట్టులేని శాసనము మనకు. స్వరాజ్యము వచ్చి డెబ్బదియైదేండ్లు గడచిన పిమ్మటను మన నోటి గౌరవము మనకు తెలియలేదన్నమాట.

హోటలు యజమానుల సమాధానములు మాకు దెలియనివి కావు. సొమ్ము చాలదందురు. మనిషికి మూడు నూలుచొక్కాలు, నాలుగు టోపీలు, ఉతుకుకూలి, సబ్బు: గాజుతలుపునకు, దీపతోరణమునకు పెట్టిన వ్యయములో నిది యెన్నవ వంతు? మహానగరములలోని కొన్ని హోటళ్లు సేవాశుల్కమని పనివాని పేర బిల్లులో కలిపి వసూలుచేయుచుండగా, బలవంతముగా వసూలుచేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణాధికారసంస్థ 2022 జూలైలో ఆదేశించినది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ యాదేశమును నిలబెట్టినది. పనివాని పేర సొమ్ము పుట్టింప నేర్చినవారు పనివానికి చొక్కా కుట్టింపలేరా? బెంగుళూరులో 1924లో నెలకొన్న మావళ్లి టిఫిను రూములను నడిపిన యజ్ఞనారాయణ మయ్యా 1951లో యూరపు వెళ్లి, అచ్చటి భోజనశాలల శుభ్రతను కన్నులార జూచివచ్చి తన వంటయింటిని దిద్దుకొనెను. ఆయన యమ్మినదియు ఇడ్డెనలు, దోసెలే.

కొందఱు మిత్రులు మఱియొక యాక్షేపణ చేయుదురు. ఒకే తీరు ఉడుపు తొడుగుట బంట్రోతుతనపు గుఱుతనియు, తెల్లదొరల నాటి దాస్యచిహ్నమనియు వారి వాదము. దాస్యము గుడ్డలో లేదు. ఇండియన్ కాఫీ హౌసులో కుచ్చుతలపాగాతో వడ్డించువారిని చూడనివారు లేరు. ఆ వేషము పాతకాలపు కాఫీబోర్డు దుకాణములనాటిది. 1957లో ఉద్యోగములు పోగొట్టుకొన్న పనివారు ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహమున సహకారసంఘములుగా నేర్పడి ఆ కాఫీ హౌసులను తామే నడుపసాగిరి. తలపాగా యదే, దానిని ధరించువాడు సంఘములో భాగస్వామి యయ్యెను.

మూడవ సమాధానము చేతితొడుగులది. ఈ యెండలలో తొడుగులు వేసికొని పని సాగదందురు. ఇందు కొంత నిజము కలదని యొప్పుకొందుము. తొడుగు వేసిన చేతితోనే నోట్లు పుచ్చుకొని, తలుపు తీసి, మరల ఆ చేతితోనే పూరీ యందించువాని తొడుగు రోగములకు వాహనమే. 1907లో న్యూయార్కు నగరమున మేరీ మాలన్ అను వంటలక్క తనకు జ్వరలక్షణ మేదియు లేకుండగనే తాను వండిపెట్టిన యిండ్లలో టైఫాయిడు వ్యాపింపజేసినదని తేలి నిర్బంధింపబడెను. 1910లో విడువబడి, మరల వంటపనిలో జేరి, 1915లో రెండవమారు పట్టువడి 1938లో మరణించువఱకు నిర్బంధములోనే యుండెను. ఆమె కట్టిన వస్త్రము మాసినదని యెవరు నాక్షేపింపలేదు. దోషము చేతులలో నుండెను. కావున వస్త్రముతోబాటు నీళ్లతొట్టి, సబ్బు, వైద్యపరీక్ష, అన్నిటికంటె ముఖ్యముగా జబ్బుపడినవానికి జీతముతోడి సెలవు కావలెను. విరేచనములు పట్టినవానిని ఆహారము ముట్టనీయరాదని నిబంధన. కాని యొకపూట రాకున్న ఆ పూట కూలి పోవునని యెఱిగిన కుఱ్ఱవాడు తన జబ్బును కడుపులోనే దాచుకొని యిడ్డెనల పళ్లెము పట్టుకొనివచ్చును. ఆ దాపఱికమునకు కారణము గల్లాపెట్టెయే. వాని సెలవుకూలిని మిగుల్చుకొన్న యజమాని బజారునకంతకు జబ్బును పంచిపెట్టుచున్నాడు.

రేవుగట్టున గొడుగు క్రింద టీ కాచి, అట్లు పోసి బ్రదుకు స్త్రీపై మేము శాసనము దూయుట లేదు. ఆమెయు పేరు నమోదుచేయించుకొనవలసినదే; అయినను ఆమెయే యజమానురాలు, ఆమెయే వంటలక్క, ఆమెయే వడ్డించునది. నోటిమాట చాలును. ఆమె చెంగు మాసినదని గుర్తించు సుకుమారులు పదిమంది కుఱ్ఱలను పెట్టుకొని మేడలు గట్టినవాని తువాలును ముందు గుర్తింతురుగాక.

ఇక మన సంగతి. ఫిర్యాదు చేయుట మనకు రాదు. మనకు వచ్చినవి రెండే: కేకలు వేయుట, లేదా ఊరకుండి యింటికి బోయి నలుగురితో జెప్పుకొనుట. ఇప్పుడు మూడవది పుట్టినది. సెల్‌ఫోనున ఆ కుఱ్ఱవాని ముఖముతో గూడ చిత్రముదీసి లోకమంతట వెదజల్లుట. వాని ముఖము ఊరూర తిరుగును. యజమాని పేరు మాత్రము ఆ చిత్రములో నుండదు. రెండవనాడు కుఱ్ఱవాడు తొలగింపబడును. తువాలు ఇంకొకని భుజమెక్కును. చుక్కలు వేసి మార్కులిచ్చు పద్ధతియు నట్టిదే. తెచ్చియిచ్చినవానికి చుక్కలు తగ్గును, వండించినవానికి వర్తకము తగ్గదు.

చేయవలసిన తీరు కష్టమైనదికాదు. తిట్టక, ముందు యజమానినే బల్లయొద్దకు పిలిచి చూపవలెను. బిల్లు తప్పక తీసికొనవలెను. 2022 జనవరి 1వ తేదీనుండి ప్రతి బిల్లుపైనను ఆహారభద్రతాసంస్థ యిచ్చిన 14 అంకెల సంఖ్య యుండితీరవలెను. లైసెన్సు ప్రతిని అందఱకు గనబడునట్లు గోడకు పెట్టవలెను. ఆ సంఖ్య, తేదీ, వేళ, తినిన పదార్థము, చూచిన దోషము వ్రాసి జిల్లా ఆహారభద్రతాధికారికి పంపవలెను; ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ అను సెల్‌ఫోను సాధనముద్వారా కూడ పంపవచ్చును. వినియోగదారుల సహాయమునకు 1915 అను టెలిఫోను సంఖ్య కలదు. పదార్థముమీదనే యనుమానమైనచో, కొన్నవాడే రుసుము చెల్లించి దానిని విశ్లేషకునిచే పరీక్షింపజేసికొనవచ్చునని 40వ సెక్షను చెప్పుచున్నది. కాని కొనునప్పుడే యా సంగతి వ్యాపారికి దెలుపవలెను. దోషము తేలినచో రుసుము తిరిగివచ్చును. నష్టపడినవారికి బందరులోనే జిల్లా వినియోగదారుల కమిషను కలదు; చెల్లించిన సొమ్ము 5 లక్షలకు మించనప్పుడు అర్జీకి రుసుము లేదు; రెండేండ్లలోపున వేయవలెను. వ్రాతలో కుఱ్ఱవాని పేరు వ్రాయకుడు. "పనివానికి తలకప్పు సమకూర్పబడలేదు" అని వ్రాయుడు. "సర్వరు మురికిగా నున్నాడు" అను వాక్యమునకును దీనికిని గల యంతరమే యీ వ్యాసమంతయు.

అధికారులును నిద్ర మేల్కొనవలెను. ఫిర్యాదు వచ్చిన దినము, తనిఖీ చేసిన దినము, తీసికొన్న చర్య జిల్లాకచ్చేరి గోడమీద నెలకొకమారు అంటింపవలెను. 2023 మే 22న తపసిపూడికడ ఓడరేవునకు శంకుస్థాపనము జరిగినది మొదలు ఈ ప్రాంతమున లారీలు, కూలీలు, క్రొత్త భోజనశాలలు పెరుగుచున్నవి. క్రొత్తగా లైసెన్సు కోరువానిని పని మనుషులెందఱు, చొక్కాలెన్ని యని మొదటనే యడుగవచ్చును. బందరు, గుడివాడ, అవనిగడ్డలలోని పఠనమందిరముల కార్యదర్శులకు మా మనవి యొక్కటి: పత్రికలుంచు బల్లమీద తెల్లకాగితములు, అధికారి చిరునామా, పైని జెప్పిన టెలిఫోను సంఖ్య, నాలుగవ అనుబంధమునకు తెలుగుప్రతి యొకటి యుంచుడు. సాయంకాలము ఎదుటి హోటలులో టిఫిను చేసి పత్రిక చదువవచ్చువారు చదువుటకు ముందు ఆ కాగిత మొకటి నింపిపోవుదురుగాక.